మంత్రంలో రెండో సగం

ఆ ఏడు పార్వేట ఉత్సవంలో స్వామి పల్లకి అహోబిలం దాటి వారం కూడా కాలేదు, నంద్యాలలో మా ఆటలోని కత్తివీరుడు అలిగి కూర్చున్నాడు.

“ఇంగ నేను రాను వసుధక్కా,” అన్నాడు రాజశేఖర్ నాతో, పాచికను తువ్వాలు మీద పెట్టేసి. “ఆళ్లగడ్డ నుంచి బస్సులో నిలబడుకోని వస్తాండా. ఈడ నేను కత్తి దూసేలోపల వీడు నోరు తెరిచి అందర్నీ కాలబెడ్తాండాడు. నాకేం పని ఈడ? మీకు టీ కాచి ఇయ్యనా?”

“పోయినసారి కాచినావు కదా. వద్దులే,” అంది గీతాంజలి.

వీడు అంటే మా తమ్ముడు దేవనాథ్. అప్పటికి వాడు గుహలోని పద్నాలుగు మంది రాక్షసుల్ని ఒకే మంత్రంతో బూడిద చేసి, తనలో తాను నవ్వుకుంటున్నాడు.

ఈ ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. ఇందులో గళ్లుండవు, కాయలుండవు, ఎదుటివాణ్ణి ఓడించడం ఉండదు. ఒకరు కథ చెబుతారు, మిగిలినవాళ్లు ఆ కథలో మనుషులవుతారు. తలుపు పగలగొడతానన్నా, రాక్షసుణ్ణి నరుకుతానన్నా పాచిక వేయాలి. పడ్డ అంకెను బట్టి పనవుతుందో, బోర్లా పడతారో కథ చెప్పేవాళ్లు తేలుస్తారు. మా దాంట్లో అది నేనే. ఫోనులో ఇంగ్లీషువాళ్ల ఆటలు చూసి చూసి, ఆ మంచు కోటలు మనకెందుకని, బెలుం లాంటి గుహలూ నల్లమల లాంటి అడవీ పెట్టి ఒక లాంగ్ నోట్‌బుక్ నిండా తెలుగులో రూళ్లు రాసుకున్నాను. వారంలో ఆరు రోజులు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే మనిషికి ఆదివారం ఆ మాత్రం రాజ్యం ఉండాలి కదా.

రాజశేఖర్ ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కుతాడు. మా ఇరవై ముఖాల పాచిక అతను నల్లరాతిలో చెక్కిందే. నిమ్మకాయంత ఉంటుంది. అది గచ్చు మీద పడితే కింది పోర్షన్‌లోంచి ఇంటి ఓనరు రామేశ్వరమ్మ “ఏందమ్మా, పైన రోలు దొర్లిస్తాండారా?” అని కేకేస్తుంది. అందుకని నాలుగు మడతల తువ్వాలు పరిచి దాని మీద వేస్తాం. గీతాంజలి నా రూమ్మేటు, బయట నర్సు, ఆటలో దొంగ.

ఇక దేవనాథ్. బ్యాంకు కోచింగుకని వచ్చి హాస్టల్లో ఉంటున్నాడు. మామూలుగా వాడికి మాట పెగలదు. హోటల్లో ఇంకో ఇడ్లీ కావాలంటే నా మోచెయ్యి గిల్లుతాడు. అలాంటివాడు ఆటలో మాంత్రికుడయ్యేసరికి గది అదిరిపోయేది. మంత్రాలు కూడా వాడే కట్టేవాడు. అన్నిటికన్నా వాడికి ఇష్టమైనది నిప్పు మంత్రం.

*నిప్పులు మేసిన నీలపు పిట్టా, నిద్దుర చాలించు*
*కొండను చుట్టిన చీకటి చీరకు కొంగున నిప్పుంచు*

ఈ రెండు పాదాలూ గొంతెత్తి చదివి పాచిక వేస్తే అంతే. రాజశేఖర్ కత్తికి పొగ మిగిలేది.

“ఒక్క వారం ఆగు శేఖరా,” అన్నాను. “నేను సరిచేస్తాను.”

సరిచేయడం మొదలుపెట్టాక నాకు కుదురు పోయింది. బోర్డు మీద సమీకరణం రాస్తూ రాస్తూ, కత్తి దెబ్బకు సగటున ఎంత, మంత్రానికి ఎంత అని పక్కన అంకెలు వేసేసేదాన్ని. పిల్లలు అవి కూడా నోట్సులో ఎక్కించుకున్నారు. మొదటి వారం మంత్రాలు రోజుకు మూడే అన్నాను. దేవనాథ్ ఆ మూడూ మొదటి పోట్లాటలోనే కాల్చేసి, ఇంక నిద్రపోదాం పదండన్నాడు. రెండో వారం కత్తి బలం పెంచాను. రాజశేఖర్ ముఖం వెలిగింది కానీ గీతాంజలి ముఖం మాడింది. మూడో వారం మంత్రం బలం సగానికి కోసేశాను. దేవనాథ్ ఒక్క నిప్పురవ్వ విసిరి, ఆ తర్వాత చాప పుల్లలు పీక్కుంటూ కూర్చున్నాడు.

“అక్కా, నేను హాస్టల్‌కు పోయి చదువుకుంటా,” అన్నాడు చివరికి.

మాంత్రికుడితో వచ్చిన చిక్కే అది. ఉంటే అంతా వాడే, లేకుంటే ఏమీ కాడు. నడుమ ఎక్కడా నిలవడు. నేను చెరిపి రాసిన చోట నోట్‌బుక్ కాగితం పలచబడి చిరుగులు పడుతోంది. నాకు ఓడిపోవడం ఇష్టం ఉండదు, అందులోనూ నేను రాసిన రూలు చేతిలో ఓడిపోవడం అసలు ఇష్టం ఉండదు.

ఆ గొడవలో ఉండగానే అమ్మ ఫోన్ చేసింది. అమ్మా నాయనా పార్వేటతో పాటు ఊరూరూ తిరుగుతున్నారు. కనుమనాడు బయలుదేరిన స్వామి నలభై రోజుల పైన ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, కల్యాణానికి రమ్మని అందర్నీ పిలిచి వస్తాడు.

“మీ నాయనకు ఆయాసం,” అంది అమ్మ. “నిన్న రెండో పాశురంలోనే నిలిచిపోయినాడు. ఎట్లనో మళ్ల అందుకున్నాడు. నాకు కాళ్లు చేతులు ఆడలేదు.”

“నంద్యాలకు పిలుచుకోని రామ్మా. డాక్టరుకు చూపిద్దాం.”

“చూపిస్తావు సరే. మొదలెత్తేది ఎవరు? వాడు ఈడ ఉండాల్సినోడు. బ్యాంకని చెప్పి తోలుకపోయి నువ్వే వాన్ని చెడగొట్టినావు.”

పల్లకి ముందు అధ్యాపకులు, అంటే ఆళ్వార్ల తమిళ పాశురాలు కంఠస్థం చేసినవాళ్లు, రెండు వరుసలుగా వాటిని చెబుతూ నడుస్తారు. ప్రతి పాశురాన్నీ మొదలెత్తే గొంతు మా ఇంటిది. మా తాత, ఆయన నాయన, ఆయన ముందువాళ్లు, ఇప్పుడు నాయన శేషాద్రి. తర్వాతి గొంతు దేవనాథ్‌ది కావాలి. వాడికి పాశురాలన్నీ వచ్చు. రానిది ఒక్కటే, పదిమందిలో మొదలెత్తడం. ఇంట్లో వాడు రోజురోజుకూ ముడుచుకుపోతుంటే చూడలేక, అంకెలంటే ఇష్టపడుతున్నాడు కదా అని కోచింగు వంకతో తెచ్చుకున్నది నేనే. అమ్మ మాట నాకు గుచ్చుకుంది, ఎందుకంటే అందులో సగం నిజం.

నాయన శనివారం వచ్చాడు. మెట్లెక్కేటప్పుడు మూడు చోట్ల ఆగాడు. డాక్టరు ఊపిరితిత్తులు చూసి, మందులు రాసి, మూడు నెలలు గట్టిగా గొంతెత్తొద్దన్నాడు. నాయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక కూర్చోడు, కిటికీ దాకా పోతాడు, వస్తాడు, మళ్లీ పోతాడు.

మర్నాడు ఆదివారం. ఆట మానేద్దామనుకున్నాను కానీ, “ఆడుకోండమ్మా, నేను చూస్తా,” అన్నాడు నాయన. కుర్చీలో కూర్చుని, మాంత్రికుడి గోల అంతా శ్రద్ధగా విన్నాడు. దేవనాథ్ నిప్పు మంత్రం ఎత్తుకున్నప్పుడు ఆయన కళ్లు చిన్నవయ్యాయి. ఆ గొంతు ఆయన ఎప్పుడూ విని ఉండడు.

“ఏమ్మా,” అన్నాడు కాసేపటికి, “ఈ మాంత్రికుడు మంత్రం మొత్తం ఒక్కడే చెప్తాడా?”

“ఒక్కడే నాయనా.”

“మరి ఊపిరి యాడ తీసుకుంటాడు?”

ఆ ప్రశ్న మాలో ఎవరికీ తట్టలేదు.

“మేం చెప్పేది సగమే కదమ్మా. మన వరుస సగం, ఎదురు వరుస సగం. వాళ్లు చెప్తాన్నప్పుడు మనం ఊపిరి తీసుకుంటాం. మొత్తం ఒక్కడే చెప్తే వానికి గర్వమన్నా వస్తాది, ఆయాసమన్నా వస్తాది,” అని నవ్వబోయి దగ్గాడు.

నేను నోట్‌బుక్ లాక్కున్నాను. మంత్రంలో మొదటి పాదం మాంత్రికుడు చెప్పాలి. అది ఒక వంతు. రెండో పాదం, వాడి పక్కన నిలబడ్డ ఇంకొకరు తమ వంతులో అందుకోవాలి. ఎవరూ అందుకోకపోయినా, ఈలోగా మాంత్రికుడికి దెబ్బ తగిలినా, మంత్రం తెగిపోతుంది. బలం తగ్గించక్కర్లేదు, పెంచక్కర్లేదు. నిప్పు అదే నిప్పు. కాకపోతే ఇప్పుడు దానికి ఇద్దరు మనుషులు, వాళ్లకు ఒక కాపలా కావాలి. మూడు వారాల నా కుస్తీని నాయన కుర్చీలోంచి లేవకుండా విడదీశాడు.

రాజశేఖర్ ముందుకు జరిగాడు. “భలే ఉందక్కా. అయితే రెండో సగం నేనందుకుంటా.”

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. “నువ్వు కత్తివీరుడివి కదప్పా. నీకు మంత్రం ఎట్లొస్తాది? చదివిండాల కదా.”

“పక్కన నిలబడి వింటాండా కదా.”

“వింటే వస్తాదా?” అని మళ్లీ నవ్వాను. “అట్లయితే మాంత్రికుడెందుకు, మీరే చెప్పుకోండి.”

“మా నాయన నలభై ఏండ్లుగా పల్లకి ముందు దండె మోస్తాండాడు,” అన్నాడు రాజశేఖర్, కుర్చీలో ఉన్న నాయన వైపు చూసి, మళ్లీ నా వైపు చూసి. “ఈ సామి గొంతు ఆయన చెవి కాడనే కదక్కా. వినేటోనికి రాదా?”

“ఆటకు రూలు ఉండాల శేఖరా,” అన్నాను. చక్కటి అక్షరాలతో రాశాను కూడా: రెండో సగం చదివినవాడే అందుకోవాలి. గీతాంజలి దొంగకు మాత్రం, చిన్నప్పుడు ఎవరో గురువు ఇంట్లో పుస్తకం దొంగిలించి చదివిందని ఒక కథ అల్లి, అందుకునే హక్కు ఇచ్చేశాను.

ఆ పూట ఆట అద్భుతంగా సాగింది. దేవనాథ్ మొదలెత్తాడు, గీతాంజలి అందుకుంది, రాజశేఖర్ వాళ్లిద్దరి ముందూ నిలబడి దెబ్బలు కాచాడు. అందరికీ పని దొరికింది. వెళ్లేటప్పుడు “ఎట్లుంది?” అని రాజశేఖర్‌ను అడిగాను.

“బాగుందక్కా. గేటు కాడ వాచ్‌మన్ ఉద్యోగం,” అన్నాడు. పాచికను తీసుకెళ్లలేదు. ఎప్పుడూ తీసుకెళ్లేవాడు.

తర్వాతి ఆదివారం అతను రాలేదు. పల్లకి ఆళ్లగడ్డకు వస్తోంది, వాళ్ల నాయనకు తోడుగా భుజం పట్టాలని ఫోనులో ఒక్క ముక్క పెట్టాడు. నాలో ఏదో ముల్లు కదిలింది కానీ, దాన్ని చూసుకునే తీరిక లేదు. మా ఇంట్లో అంతకన్నా పెద్దది నెత్తి మీదికొచ్చింది.

ఆళ్లగడ్డలో మొదలెత్తాల్సింది దేవనాథే. అంతవరకూ పల్లెల్లో నాయన బదులు ఎవరో ఒకరు సర్దుకొచ్చారు. ఆళ్లగడ్డలో అలా కుదరదు, అందరూ చూస్తారు, అందరూ అడుగుతారు. పాశురాలు చెప్పే మా గోష్టిలో ఒక పట్టింపు ఉంది. మొదలెత్తినవాడు పాదం నడుమ ఆగిపోతే, ఆ ఇంటివాళ్లు తప్ప రెండు వరుసల్లో ఇంకెవరూ అందుకోకూడదు. అందుకుంటే ఆ చోటు ఇక వాళ్లదే. ఎదురు వరుసలో మా చిన్నాయన కొడుకు యోగానంద్ ఉంటాడు. మంచి గొంతు, మంచి మనిషి కూడా. వాడికి మా చోటు లాక్కోవాలని లేదు. కానీ మా తమ్ముడు ఆగిపోతే పాశురాన్ని వీధిలో అనాథగా వదిలేయలేడు కదా.

“నాకు బ్యాంకూ వద్దు, ఇదీ వద్దు అనిపిస్తాందక్కా,” అన్నాడు దేవనాథ్.

“ఏం కావాల మరి?”

“తెల్దు. ఇది పోగొట్టినోడు వీడే అని మాత్రం అనిపించుకోలేను.”

నాలుగు పొద్దులు మా డాబా మీద సాధన చేశాం. వాడు మొదటి సగం చెబితే నేను రెండోది అందుకునేదాన్ని. నాకెవరూ పాశురాలు నేర్పలేదు. వాడికి నాయన నేర్పుతున్నప్పుడు పక్క గదిలో బియ్యం ఏరుతూ, బట్టలు మడతపెడుతూ విన్నవే. నేను అందుకుంటున్నంతసేపూ వాడు గంగాప్రవాహంలా చెప్పుకుపోయాడు. పరీక్షిద్దామని ఒకసారి ఊరుకున్నాను. రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు.

“ఏమైందిరా?”

“ఎదురుగా ఎవరూ అందుకోరేమో అనిపిస్తాది. ఆ తలపు వస్తే గొంతు మూసుకపోతాదక్కా.”

కింద రామేశ్వరమ్మ పూలమొక్కలకు నీళ్లు పోస్తూ, “ఆపినారేం? బాగుంది, చెప్పండి,” అంది. వాడు మెట్లు దిగిపోయాడు.

ఆళ్లగడ్డలో ఆ పొద్దున పది గంటల వేళకు వీధంతా జనం. ఇళ్ల ముందర కళ్లాపి చల్లి, పళ్లేల్లో టెంకాయలు పట్టుకుని ఆడవాళ్లు వాకిళ్లలో నిలబడ్డారు. పల్లకి కదిలొచ్చింది. ముందు దండె కింద రాజశేఖర్ వాళ్ల నాయన రంగయ్య. అరవై దాటినా ఆ భుజం వంగలేదు. ఆయన వెనకే రాజశేఖర్. రంగయ్యకు నాలుగడుగుల ముందు అధ్యాపకుల వరుసలు. తిరునామం పెట్టుకుని, పంచె బిగించి మా తమ్ముడు. పక్కన నాయన, భుజాన కండువా, చేతిలో మందు పీల్చుకునే గొట్టం. వాళ్లకు ఇవతల ఆడవాళ్లలో అమ్మా నేనూ. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు గాజులు గుచ్చుకుంటున్నా నేను విడిపించుకోలేదు.

మొదటి పాశురం బాగా వచ్చింది. రెండోది ఇంకా బాగా వచ్చింది. నాయన తల ఊపడం చూశాను. మూడోది నాలుగు రోడ్ల కూడలి దగ్గర ఎత్తుకున్నాడు. జనం తోసుకొచ్చారు, ఎవరో ఫోను వాడి ముఖం మీదికి పెట్టారు, ఒక లారీ హారన్ కొట్టింది. పాదం సగంలో వాడి గొంతు తెగింది.

పల్లకి ఆగింది. యోగానంద్ పెదవులు విడిపోయాయి, మళ్లీ మూసుకున్నాయి. వాడు తల దించుకున్నాడు. ఎంతసేపు దించుకోగలడు? నాయన నోరు తెరిచాడు, దగ్గు తప్ప ఏమీ రాలేదు.

ఆ రెండో సగం నా నోట్లో ఉంది. అక్షరం అక్షరం ఉంది. తమ్ముడు నా కోసమే చూస్తున్నాడు, నాకు తెలుసు. నేను అందుకోలేదు. నలుగురూ ఏమంటారోనన్న భయం ఉంది, లేదనను. దానికంటే ముందు ఇంకో మాట అడ్డుపడింది: నువ్వు చదివినదానివి కాదు కదా, విన్నదానివే కదా. ఆ రూలు రాసిన చెయ్యి నాదే. అమ్మ పట్టుకున్నదీ ఆ చేతినే.

అప్పుడు పల్లకి కింద నుంచి ఒక గొంతు లేచింది.

బొంగురు గొంతు. బరువు మోస్తున్న గొంతు. పలికే తీరు మాది కాదు, ఆళ్లగడ్డ పొలాలది, రాతి బండలది. కానీ ఒక్క అక్షరం పొల్లుపోలేదు. రంగయ్య దండె భుజాన అలాగే ఉంచి, ఎదుటి రోడ్డు వైపు చూస్తూ, తెగిన చోట నుంచి పాదం చివరి దాకా చెప్పి ఊరుకున్నాడు. భుజం మార్చుకున్నంత మామూలుగా చెప్పాడు.

పాదం పూర్తయింది. పూర్తి చేసినవాడు ఏ వరుసలోనూ లేడు, కాబట్టి ఎవరి చోటూ ఎవరికీ పోలేదు. యోగానంద్ తల ఎత్తి, ప్రాణం లేచొచ్చినవాడిలా తర్వాతి పాదాన్ని ఎంత గట్టిగా అందుకున్నాడంటే పావురాలు లేచిపోయాయి. ఆ సందులో దేవనాథ్ ఊపిరి తీసుకున్నాడు. నాలుగో పాశురం మొదలెత్తాడు. ఆ తర్వాత ఆగలేదు.

స్వామిని కట్ట మీద దించాక, మా వరుసలోని ఒక పెద్దాయన నాయన దగ్గరికొచ్చాడు. “ఏం శేషాద్రీ, ఇదేం పద్ధతప్పా? మోసేటోడు చెప్పడమేంది?”

“పాదం తప్పినాడా?” అన్నాడు నాయన.

“తప్పలేదు.”

“స్వరం తప్పినాడా?”

పెద్దాయన కండువా దులుపుకుని నీడకు పోయాడు. ఆ రోజు మాతో కూర్చుని తినలేదు, ఆ తర్వాత కూడా చాన్నాళ్లు నాయనను పలకరించలేదు.

అమ్మ మజ్జిగ చెంబు తీసుకుని బోయీలు కూర్చున్న చోటికి పోయింది. నేను వెనకే పోయాను. “ఎప్పుడు నేర్చినావు రంగయ్యా?” అని అడిగింది.

రంగయ్య సిగ్గుపడ్డాడు. “నేర్చలేదమ్మా. చెవులు మూసుకోని మొయ్యలేం కదా.”

అమ్మ చెంబు ఆయన చేతిలో పెట్టి, ముఖం తిప్పుకుని కొంగుతో కళ్లు అద్దుకుంది. రాజశేఖర్ తండ్రి పక్కనే ఉన్నాడు. నా వైపు ఒక్కసారి చూసి, చెప్పులు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ మధ్యాహ్నమే అతను పనిచేసే చోటికి వెళ్లాను. రేకుల షెడ్డులో రాతిదుమ్ము పొగలా లేస్తోంది. అతను ఒక గరుత్మంతుడి రెక్కకు ఉలి పెట్టి ఉన్నాడు. నా సంచిలో నోట్‌బుక్, అతనికి తిరిగిద్దామని తెచ్చిన పాచిక.

“శేఖరా, నేను రూలు తప్పు రాసినాను.”

“ఏ రూలు?” అన్నాడు, ఉలి ఆపకుండా.

“చదివినవాడే అందుకోవాల అన్నది.”

“దానికేముందిలేక్కా. ఆట కదా.”

“ఆట కాదు.”

ఉలి ఆగింది. ముఖం తుడుచుకుంటే దుమ్ము ఇంకా పరుచుకుంది. “మంత్రం నాకియ్యలేదని నాకు కోపం ల్యా. నేను వింటాండా అంటే నువ్వు నవ్వినావు చూడు. అది యాడనో తగిలింది.”

“ఈ పొద్దు మా నాయన పరువు మీ నాయన కాపాడినాడు. నాకు వచ్చుండి కూడా నేను నోరు మూసుకున్నా. సిగ్గుగా ఉంది శేఖరా.” పెన్సిల్ అతని వైపు చాపాను. “నువ్వే కొట్టెయ్.”

“రాసింది నువ్వు. కొట్టేసేది నువ్వే.”

గరుత్మంతుడి కాళ్ల దగ్గర నోట్‌బుక్ పెట్టి, ‘చదివినవాడే’ మీద గీత కొట్టి, పైన ‘విన్నవాళ్లు ఎవరైనా’ అని రాశాను. రాతిదుమ్ము మీద పెన్సిల్ జారింది, అక్షరాలు వంకరపోయాయి. అతను వంగి చదివి, సంచిలోంచి పాచిక తీసుకుని జేబులో వేసుకున్నాడు. “ఆదివారం బస్సుకు వస్తాలే,” అన్నాడు.

కానీ ఆ ఆదివారం ఆట లేదు. దేవనాథ్ కోచింగుకు సెలవు పెట్టి పల్లకి వెంట పల్లెలు తిరిగాడు. ఇంకో రెండు చోట్ల ఆగాడట. రెండుసార్లూ వెనక నుంచి బొంగురు గొంతు అందించిందట. ఆ తర్వాత అవసరం రాలేదట. స్వామి అహోబిలం తిరిగి చేరాక వాడు నంద్యాలకొచ్చాడు. హోటల్లో సర్వరును పిలిచి, ఇంకో ఇడ్లీ వాడే అడిగాడు. పరీక్ష రాస్తావా, గోష్టిలో ఉంటావా అంటే, “రెండిట్లో సగం సగం చూస్తానక్కా,” అన్నాడు. ఇది కుదురుతుందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఫాల్గుణంలో ఒక ఆదివారం మళ్లీ అందరం చేరాం. నాయన డాక్టరుకు చూపించుకోవడానికి వచ్చి ఉన్నాడు. ఆయాసం తగ్గింది కానీ గొంతు వెనక్కి రాలేదు. అయినా ఆ రోజు కిటికీ దగ్గరికి పోలేదు, నేరుగా వచ్చి చాప మీద కూర్చున్నాడు.

“మీరూ ఆడతారా నాయనా?” అన్నాను తమాషాకు.

“ఆడతా. మంత్రం మాత్రం వద్దు. చెప్పి చెప్పి అలిసిపోయినా. నాకొక కత్తి ఇయ్యి.”

“నాది తీసుకో సామీ,” అన్నాడు రాజశేఖర్. “ఒక్కన్ని గూడా నరకలేదు. కొత్తదే.”

నాయన అంతగా నవ్వడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. నేను కథ అందుకున్నాను. గుహ చివర, వెలుగు లేని చోట, పెద్ద రాక్షసుడు లేచాడు. నాయన కత్తి పట్టుకుని ఇద్దరికీ ముందు నిలబడ్డాడు. పాచిక వేస్తే పదిహేడు పడింది. దెబ్బ కాచాడు. దేవనాథ్ మాంత్రికుడు గొంతెత్తాడు.

“నిప్పులు మేసిన నీలపు పిట్టా, నిద్దుర చాలించు.”

చెప్పి ఆగాడు. ఆగి, తీరిగ్గా ఊపిరి తీసుకున్నాడు.

నేను రాజశేఖర్ వైపు తిరిగాను. రెండో సగం అందుకుంటానని ఒక్క మాట అంటే చాలు, పాచిక వేసేయవచ్చు. రూలు అంతే. అతను పాచిక ముట్టుకోలేదు. గోడ వైపు చూస్తూ, వాళ్ల నాయన గొంతులాంటి గొంతుతో, ఏడాది పొడుగునా మా పక్కన కూర్చుని విన్నది విన్నట్టే చెప్పాడు.

“కొండను చుట్టిన చీకటి చీరకు కొంగున నిప్పుంచు.”

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. నాయన అలవాటు కొద్దీ “ఊఁ” అన్నాడు. దేవనాథ్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పాచిక వేయమని చెప్పడం నేను మరిచిపోయాను.